ఎవరిని సన్మానించాలి, ఏ లెక్కతో? టెక్సాస్ సరిహద్దు కాలేజీలో ఒక పురస్కారానికి నియమాలు రాసిన క్రమం

టెక్సాస్ దక్షిణ సరిహద్దులో, రియో గ్రాండే నదికి దగ్గర్లో ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక కళాశాలలో) నేను విద్యార్థుల గణాంకాల విభాగంలో పనిచేస్తున్నాను. ఎవరు చేరారు, ఎవరు మధ్యలో మానేశారు, ఎవరు పట్టా పుచ్చుకున్నారు, ఎవరు ఇక్కడి నుంచి నాలుగేళ్ళ విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యారు అన్న లెక్కలు తీసి రాష్ట్రానికీ ఫెడరల్ విద్యాశాఖకూ పంపడం నా ఉద్యోగం. మా విద్యార్థుల్లో అత్యధికులు మెక్సికో మూలాలున్న కుటుంబాల పిల్లలు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే అయినవాళ్ళు వారిలో చాలామంది. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) విద్యార్థుల ఉన్నత విద్యకు తోడ్పడిన నాయకులను గౌరవించేందుకు ఒక వార్షిక పురస్కారం నెలకొల్పాలని కాలేజీ సంకల్పించినప్పుడు, ఎంపిక సంఘానికి ఆధారాలు సమకూర్చే పని నాకు అప్పగించారు. ఆ పురస్కారానికి నియమాలు ఎలా కుదిరాయో, అందుకు ఏ పూర్వోదాహరణలు పరిశీలించామో ఇక్కడ నమోదు చేస్తున్నాను. అమెరికా కాలేజీల్లో బోధిస్తున్న, కార్యాలయాల్లో పనిచేస్తున్న తెలుగువారు ఇప్పుడు తక్కువేమీ కాదు. ఇలాంటి సంఘాల్లో కూర్చోవలసి వచ్చిన వారికి ఇది అక్కరకు రావచ్చు.

నేపథ్యం

హిస్పానిక్ విద్యార్థులకు సేవలందించే సంస్థ అన్న హోదా అమెరికా ఉన్నత విద్యా చట్టంలోకి 1992లో వచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందు, 1986లో, శాన్ ఆంటోనియో కేంద్రంగా 18 విద్యాసంస్థలు కలిసి హాకూ అనే సంఘంగా ఏర్పడ్డాయి. ఈ విద్యార్థులు ఎక్కువగా చదివే కళాశాలలకు చట్టబద్ధమైన గుర్తింపు ఉండాలని ఆ సంఘం పట్టుబట్టి సాధించింది. ప్రత్యేక నిధుల పథకం 1998 సవరణలతో వచ్చింది. ఆ నిధులకు అర్హత కావాలంటే, అండర్‌గ్రాడ్యుయేట్లను పూర్తికాల విద్యార్థుల సంఖ్యకు మార్చి లెక్కగట్టినప్పుడు వారిలో కనీసం 25 శాతం మంది హిస్పానిక్‌లై ఉండాలి. పేద విద్యార్థులు గణనీయంగా ఉండాలి. విద్యార్థిపై సంస్థ పెట్టే ఖర్చు సాటి సంస్థల సగటుకు మించకూడదు. ఈ షరతుల్లో 25 శాతం నిబంధనను అందుకున్న సంస్థలు ఇటీవలి సంవత్సరాల్లో దేశం మొత్తమ్మీద దాదాపు 600కు చేరాయి. హిస్పానిక్ అండర్‌గ్రాడ్యుయేట్లలో సుమారు మూడింట రెండొంతుల మంది చదువుతున్నది వాటిలోనే.

ఈ షరతుల్లో ఒక్కటి కూడా ఫలితం గురించి అడగదు. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన చారిత్రక కళాశాలలకు తొలినాటి నుంచీ ఒక ఉద్దేశం ఉంది. హిస్పానిక్ సంస్థల్లో ఎక్కువ భాగం అలా పుట్టలేదు. చుట్టుపక్కల జనాభా మారడంతో, వచ్చి చేరే విద్యార్థులు మారడంతో, ఆ హోదాలోకి అవి నడిచివచ్చాయి. కనుక ఒక సంస్థ తన దగ్గరికి వచ్చిన విద్యార్థులకు తగినట్టు తనను తాను మార్చుకున్నదా, లేక పాత పద్ధతులనే కొనసాగిస్తూ వారి సంఖ్యను మాత్రం నిధుల దరఖాస్తులో చూపించుకున్నదా అన్నది పూర్తిగా అక్కడి నాయకత్వం మీద ఆధారపడుతుంది. ఈ రంగంలో నాయకులను గుర్తించి గౌరవించడం అవసరమని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే. సన్మానం ఎవరికి దక్కుతుందో చూసి, తర్వాత వచ్చే డీన్‌లు, అధ్యక్షులు తమ పని ఏదో నేర్చుకుంటారు.

మొదటి ముసాయిదాలో ఏముంది

మొదట మా ముందుకు వచ్చిన నామినేషన్ పత్రంలో అభ్యర్థి పదవులు, సేవాకాలం, కమిటీలు, ప్రసంగాలు, తెచ్చిన విరాళాలు, అందుకున్న ఇతర పురస్కారాలు రాయడానికి విడివిడిగా గడులు ఉన్నాయి. విద్యార్థులకు ఏం జరిగిందో రాయడానికి ఒక్క గడి కూడా లేదు. మన వైపు సన్మాన సభల్లో శాలువా కప్పేముందు చదివే పరిచయ వాక్యాలు గుర్తున్నవారికి ఆ పత్రం కొత్తగా తోచదు. అందులో ఉన్నవన్నీ నిజాలే కావచ్చు, కానీ అవి పదవిలో ఉన్న ఎవరి గురించైనా రాయగలిగిన నిజాలు. సంఘం మొదటి సమావేశంలో నేను ఒకే ప్రశ్న పెట్టాను: ఈ వ్యక్తి రేపు పదవి దిగిపోతే విద్యార్థులకు మిగిలి ఉండేదేమిటి? అధ్యక్షురాలు ఆ ప్రశ్నను నామినేషన్ పత్రంలో మొదటి గడిగా చేర్చమన్నారు. అక్కడి నుంచి మిగతా నియమాలన్నీ దాని చుట్టూనే పెరిగాయి.

ఎల్ పాసో ఉదాహరణ

ఈ ప్రశ్నకు సమాధానం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మేము అందరికంటే ఎక్కువగా చదివింది డయానా నటాలిసియో చరిత్ర. టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఎల్ పాసో ప్రాంగణానికి ఆమె 1988 నుంచి 2019 వరకు, 31 సంవత్సరాలు, అధ్యక్షురాలు. ఇంటిపేరు చూసి చాలామంది ఆమెను హిస్పానిక్ అనుకునేవారు గానీ ఆమె సెయింట్ లూయిస్‌లో పుట్టిన, జర్మన్ మూలాలున్న కుటుంబపు అమ్మాయి. తన కుటుంబంలో కాలేజీకి వెళ్ళిన మొదటి తరం. మా నియమాల్లో ఒకటి ఇక్కడే తేలిపోయింది: గౌరవం దక్కవలసింది పనికి, అభ్యర్థి ఏ మూలాలవారైనా కావచ్చు.

ఆమె పదవి చేపట్టేనాటికి ఆ విశ్వవిద్యాలయంలో సుమారు 15,000 మంది విద్యార్థులు, ఒకే ఒక్క డాక్టరేట్ కోర్సు, ఏడాదికి దాదాపు 60 లక్షల డాలర్ల పరిశోధన వ్యయం ఉండేవి. ఆమె విరమించేనాటికి విద్యార్థులు 25,000 దాటారు, డాక్టరేట్ కోర్సులు 22 అయ్యాయి, పరిశోధన వ్యయం 9 కోట్ల డాలర్లు మించింది, 2018 చివర్లో ప్రకటించిన కార్నెగీ వర్గీకరణలో ఆ సంస్థ అత్యున్నత పరిశోధన శ్రేణిలో చేరింది. విద్యార్థుల్లో 80 శాతానికి పైగా హిస్పానిక్‌లు. ప్రవేశాలను బిగించి, మంచి మార్కులున్నవారినే ఏరుకుని పైకి వెళ్ళడం అమెరికాలో విశ్వవిద్యాలయాలు మామూలుగా పట్టే దారి. ఆమె ఆ దారి పట్టలేదు. తలుపులు తెరిచి ఉంచి కూడా పరిశోధనలో ఎదగవచ్చని అక్షరాలా చేసి చూపించింది. సరిహద్దుకు అవతల ఉన్న సియుదాద్ హువారెస్ నుంచి రోజూ వంతెన దాటి వచ్చే, ఆర్థిక స్తోమత లేని మెక్సికో పౌరులకు టెక్సాస్ వాసుల ఫీజే వర్తించే పథకం అక్కడ అమల్లో ఉంది. బడులు, కమ్యూనిటీ కాలేజీ, విశ్వవిద్యాలయం మూడూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని గణితం, విజ్ఞానశాస్త్రాల బోధనను సరిదిద్దేందుకు 1991లో ఏర్పడిన స్థానిక కూటమికి ఆమె అండగా నిలిచారు. బడిలో ఆల్జీబ్రా చెప్పే ఉపాధ్యాయుడు తయారయ్యేదీ, ఆ బడి పిల్లవాడు చివరికి చేరేదీ ఒకే విశ్వవిద్యాలయంలో అయినప్పుడు తప్పు ఎక్కడ జరిగినా అది చుట్టూ తిరిగి మన దగ్గరికే వస్తుందన్న స్పష్టత ఆ కూటమికి పునాది.

గణాంకాల పనిలో ఉన్నవాడిగా నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది, పట్టభద్రుల శాతం విషయంలో ఆమె చేసిన వాదన. ఫెడరల్ లెక్క ప్రకారం ఆ శాతం తీసేటప్పుడు, మొదటిసారి కాలేజీలో చేరి, ఆ మొదటి సెమిస్టర్‌లోనే పూర్తికాలం చదివే విద్యార్థులనే పరిగణనలోకి తీసుకుంటారు. పగలు గిడ్డంగిలో పనిచేసి సాయంత్రం రెండు కోర్సులు చదివే తల్లి ఆ లెక్కలోకి రాదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి విశ్వవిద్యాలయానికి బదిలీ అయి, చక్కగా పట్టా అందుకున్న విద్యార్థి కూడా ఆ విశ్వవిద్యాలయం ఖాతాలో పడడు. అలాంటివారే ఎక్కువగా ఉన్న ఎల్ పాసో లాంటి సంస్థ, ఏటా వేలమందిని పట్టభద్రులను చేస్తూ కూడా, పత్రికల ర్యాంకుల్లో వెనకబడినట్టు కనిపిస్తుంది. నటాలిసియో ఈ అన్యాయాన్ని జాతీయ వేదికల మీద పదేపదే ఎత్తిచూపారు. పార్ట్‌టైమ్‌వారినీ, బదిలీ అయి వచ్చినవారినీ కలుపుకునే అదనపు లెక్కను ఫెడరల్ విద్యాశాఖ 2015–16 నుంచి సేకరించడం మొదలుపెట్టింది. అది ఆమె ఒక్కరి ఘనత కాదు. చాలామంది చాలా ఏళ్ళు అడిగితే వచ్చిన మార్పు. కానీ తన విద్యార్థులు లెక్కలోకే రాకపోవడాన్ని సహించని నాయకత్వం ఎలా ఉంటుందో చూపడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆమెకు గౌరవాలు లోటు లేకుండా దక్కాయి. విదేశీయులకు ఇచ్చే అత్యున్నత పురస్కారం ‘ఆజ్‌టెక్ ఈగిల్’ను మెక్సికో ప్రభుత్వం 2011లో ఆమెకు ప్రకటించింది, 2016లో టైమ్ పత్రిక ప్రపంచంలో అత్యంత ప్రభావశీలురైన వందమంది జాబితాలో ఆమె పేరు చేర్చింది. 2021 సెప్టెంబరులో ఆమె మరణించారు. ఆమె పోయాక కూడా ఆ సంస్థ ప్రవేశ విధానం మారలేదు. మా సంఘం దృష్టిలో పై రెండు గౌరవాలకంటే బరువైన సాక్ష్యం అదే.

మిగతా పూర్వోదాహరణలు

జూలియెట్ గార్సియా బ్రౌన్స్‌విల్‌లో పుట్టి, 1986లో అక్కడి టెక్సాస్ సౌత్‌మోస్ట్ కాలేజీకి అధ్యక్షురాలయ్యారు. అమెరికాలో ఒక కాలేజీకి అధ్యక్షత వహించిన తొలి మెక్సికన్-అమెరికన్ మహిళ ఆమె. తర్వాత బ్రౌన్స్‌విల్ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి కూడా ఆమే సారథి. సరిహద్దు గోడ ఆ ప్రాంగణం గుండా పోయేలా ఫెడరల్ ప్రభుత్వం సర్వేకు అనుమతి కోరినప్పుడు ఆమె సంతకం పెట్టలేదు. 2008లో వ్యవహారం కోర్టుకెక్కింది; చివరికి విశ్వవిద్యాలయం తన సొంత కంచెనే పటిష్ఠం చేసుకునే షరతుతో రాజీ కుదిరింది. 2022లో ఆమెకు అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా, దేశపు అత్యున్నత పౌర గౌరవమైన స్వేచ్ఛా పతకం లభించింది. ఈ కథను నేను సంఘం ముందు పెట్టినప్పుడు, ఇది లెక్కల్లో ఎక్కడ కనిపిస్తుందని ఒక సభ్యుడు అడిగారు. ఎక్కడా కనిపించదు. నదికి ఇటూ అటూ చుట్టాలున్న విద్యార్థులకు తమ కాలేజీ తమ పక్షాన నిలబడిందని తెలియడం ఏ పట్టికలోనూ పట్టదు. అందుకే అంకెలతోబాటు విద్యార్థుల, పూర్వ విద్యార్థుల లిఖిత వాంగ్మూలాలు కూడా తప్పనిసరి చేశాము.

మయామీ డేడ్ కాలేజీని 1995 నుంచి 2019 దాకా నడిపిన ఎడ్వార్డో పాద్రోన్, న్యూయార్క్‌లో ప్వెర్టో రికో యువత చదువుల కోసం 1961లో ఆస్పిరా సంస్థను స్థాపించిన ఆంటోనియా పాంతోహా, వీరిద్దరికీ కూడా అదే స్వేచ్ఛా పతకం వచ్చింది, పాంతోహాకు 1996లో, పాద్రోన్‌కు 2016లో. ఆస్పిరా ఇప్పటికీ పనిచేస్తోంది. మా మొదటి ప్రశ్నకు ఇంతకంటే పొట్టి జవాబు అక్కర్లేదు.

తొమాస్ రివేరా విషయంలో కొంచెం ఆగాలి. టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీలో, పంటల వెంట ఊళ్ళు తిరిగే వలస కూలీల ఇంట పుట్టిన ఆయన, 1979లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ ప్రాంగణానికి ఛాన్సలర్ అయ్యారు. ఆ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఆ స్థాయికి చేరిన తొలి మెక్సికన్-అమెరికన్. 1984లో, యాభై నిండకుండానే, పదవిలో ఉండగా మరణించారు. రివర్‌సైడ్‌లో గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. శాన్ ఆంటోనియో విశ్వవిద్యాలయంలోనేమో విద్యార్థులకు ట్యూషన్ చెప్పి, చదువు నిలదొక్కుకునేలా సాయపడే కేంద్రానికి ఆ పేరు పెట్టారు. రెండూ సముచితమైనవే. అయినా క్యాల్కులస్‌లో తడబడుతున్న మొదటి సంవత్సరం విద్యార్థి ఒక గంట సాయం కోసం వెతుక్కుంటూ వెళ్ళే గది తలుపు మీద ఆ పేరు ఉండటం నాకు ఎక్కువ తృప్తినిస్తుంది. పురస్కారానికి జోడించే డబ్బు ఎటు పోవాలన్న చర్చలో ఈ పోలిక మాకు బాగా పనికొచ్చింది.

వ్యక్తులకు బదులు పనిని గౌరవించే పద్ధతిని వాషింగ్టన్‌లోని ఎక్సెలెన్సియా ఇన్ ఎడ్యుకేషన్ సంస్థ ఏనాడో మొదలుపెట్టింది. సరితా బ్రౌన్, డెబొరా శాంటియాగో 2004లో స్థాపించిన ఆ సంస్థ, లాటినో విద్యార్థుల ఫలితాలను నిజంగా మెరుగుపరిచినట్టు ఆధారం చూపిన కార్యక్రమాలను ఏటా గుర్తిస్తుంది. 2019 నుంచి మొత్తం సంస్థలకే ఒక ముద్ర ఇస్తోంది. మొదటి ఏడాది తొమ్మిదింటికే దక్కిన ఆ ముద్ర మూడేళ్ళకోసారి పునఃపరీక్షకు వస్తుంది. ఎల్ పాసో విశ్వవిద్యాలయమూ, అక్కడి కమ్యూనిటీ కాలేజీ కూడా ఆ తొమ్మిదిలో ఉన్నాయి. పక్కపక్కనే ఉండి ఒకరి విద్యార్థులను మరొకరు అందుకునే రెండు సంస్థలు కలిసి ఎంపిక కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

మా ముందుకు వచ్చిన రెండు నామినేషన్లు

మొదటి విడతలో చివరి దాకా నిలిచినవి రెండు. ఒకరు ఈ ప్రాంతమంతటికీ తెలిసిన విద్యాధికారి. దశాబ్దాల సేవ, పెద్ద నిధులు, నిండు సభల్లో గౌరవం. మరొకరు మా బదిలీ విభాగంలో సలహాదారు. కాలేజీ బయట ఆమె పేరు ఎవరికీ తెలియదు.

ఆ సలహాదారు చేసిన పనిని కొంచెం దగ్గరగా చూపాలి. టెక్సాస్ చట్టం ప్రకారం 42 క్రెడిట్ల ప్రాథమిక పాఠ్యప్రణాళికను కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేస్తే, ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా దాన్ని మొత్తంగా అంగీకరించాలి. చిక్కు ఆ 42 దాటిన తర్వాత మొదలవుతుంది. మా దగ్గర ఇంజనీరింగ్‌కో నర్సింగ్‌కో పునాదిగా చదివిన కోర్సును విశ్వవిద్యాలయం తీసుకుంటుంది గానీ, డిగ్రీకి అవసరమైన కోర్సుగా కాక ఐచ్ఛిక కోర్సుగా నమోదు చేస్తుంది. విద్యార్థి ట్రాన్‌స్క్రిప్ట్‌లో క్రెడిట్లు అన్నీ కనిపిస్తాయి. డిగ్రీ పట్టికలో మాత్రం ఆ వరుస ఖాళీగా ఉంటుంది. అదే పాఠాన్ని మళ్ళీ ఫీజు కట్టి చదవాలి. ఒక సెమిస్టర్ వెనకబడటమంటే, నలుగురికి అన్నం పెట్టే ఉద్యోగం చేస్తూ చదివే మనిషికి చాలాసార్లు చదువు మానేయడమే. ఈ సలహాదారు విశ్వవిద్యాలయంలో తన హోదాకు సమానమైన ఉద్యోగిని వెతికి పట్టుకుని, ఒక్కో డిగ్రీకి ఒక్కో కోర్సు చొప్పున సిలబస్‌లు పక్కపక్కన పెట్టి, ఏది దేనికి సరిపోతుందో రెండు పక్షాల శాఖాధిపతుల సంతకాలతో పట్టికలు తయారుచేయించారు. మొదటి సెమిస్టర్‌లోనే విద్యార్థి చేతికి ఆ పట్టిక అందేలా నమోదు ప్రక్రియను మార్పించారు. ఆ పట్టికలు అమలైన డిగ్రీల్లో బదిలీ తర్వాత కోర్సులు మళ్ళీ చదవవలసి రావడం స్పష్టంగా తగ్గింది. పట్టికలు లేని డిగ్రీల్లో అది యథాతథంగా ఉంది. పక్కపక్కన పెట్టి చూసుకోగలిగిన ఆ తేడా లేకపోతే నేను ఆ ఫలితాన్ని సంఘానికి నివేదించేవాడిని కాదు.

విద్యాధికారి పత్రం కూడా బలహీనమైనది కాదు. డ్యుయల్ క్రెడిట్, అంటే హైస్కూల్‌లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు సంపాదించుకునే పద్ధతి, ఈ జిల్లాలో విస్తరించడంలో ఆయన పాత్ర పెద్దది. కానీ ఆ క్రెడిట్లతో బయటికెళ్ళిన విద్యార్థులు ఆ తర్వాత డిగ్రీ పూర్తిచేశారా అన్న దానికి పత్రంలో సమాధానం లేదు; ఆయన కార్యాలయం ఎన్నడూ ఆ లెక్క తీయించుకోలేదు. ఎన్ని క్రెడిట్లు ఇచ్చామన్నది ఆరంభపు లెక్క. దాని దగ్గరే ఆగిపోయే సంస్థ, 25 శాతం దాటగానే పని అయిపోయిందనుకునే సంస్థతో సమానం. సంఘంలో చాలాసేపు వాదన జరిగింది. చివరకు ఏకగ్రీవంగానే సలహాదారును ఎంపిక చేశారు. డ్యుయల్ క్రెడిట్ విద్యార్థుల తదుపరి చదువును ఆరేళ్ళపాటు అనుసరించే అధ్యయనం మా విభాగం చేపట్టాలని కూడా అదే తీర్మానంలో రాశారు. ఆ అధ్యయనం ఫలితాలు బాగుంటే ఆ విద్యాధికారి పేరు తిరిగి పరిశీలనకు వస్తుంది, రావాలి కూడా.

చట్టపరమైన జాగ్రత్తలు

టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీల వైవిధ్య, సమానత్వ కార్యాలయాలను రద్దుచేసిన ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. హిస్పానిక్ సంస్థల ఫెడరల్ నిధుల పథకం రాజ్యాంగబద్ధం కాదంటూ 2025లో కోర్టులో దావా పడింది; అదే ఏడాది సెప్టెంబరులో ఫెడరల్ విద్యాశాఖ ఆ పథకం కింద తన విచక్షణతో ఇచ్చే నిధులను ఆపేసింది. ఈ వాతావరణంలో న్యాయ సలహాదారు చెప్పినట్టు, పురస్కారానికి ఎవరైనా పోటీపడవచ్చనీ, అభ్యర్థి జాతిమూలం ఎక్కడా అడగమనీ నియమాల్లో స్పష్టంగా రాశాము. అది మాకు అడ్డంకి కాలేదు. నటాలిసియో ఉదాహరణ నుంచి మేము అప్పటికే చేరిన నిర్ణయమే అది. నా దృష్టిలో అసలు నష్టం ఆగిపోయిన నిధులది. ఆ నిధులతో నడిచే ట్యూషన్ గదులు, ల్యాబులు హిస్పానిక్ విద్యార్థులకే పరిమితం కాదు. ఆ కాలేజీలో చదివే ప్రతి పేద విద్యార్థీ వాటిని వాడుకుంటాడు.

చివరికి కుదిరిన నియమాలు

నామినేషన్‌తోబాటు, అభ్యర్థి చేసిన మార్పుకు ముందూ తర్వాతా కనీసం మూడేసి సంవత్సరాల లెక్కలు ఇవ్వాలి. ఆ లెక్కల్లో పార్ట్‌టైమ్ విద్యార్థులూ బదిలీ అయినవారూ తప్పక ఉండాలి. వారిని వదిలేసి తెచ్చిన శాతం ఎంత ఎక్కువైనా పత్రాన్ని తిప్పి పంపుతాము. మార్పు కాలేజీ నియమావళిలోనో, బడ్జెట్‌లోనో, రోజువారీ పద్ధతిలోనో లిఖితంగా నెలకొని ఉండాలి. పదవిని బట్టి అర్హత ఉండదు; గుమస్తా నుంచి అధ్యక్షుడి దాకా ఎవరినైనా ప్రతిపాదించవచ్చు. నగదులో చిన్న భాగం వ్యక్తికి, మిగతాది ఆ వ్యక్తి మొదలుపెట్టిన పనికి చేరుతుంది. మూడేళ్ళ తర్వాత మా విభాగం ఆ పని స్థితిని పరిశీలించి నివేదిక ఇస్తుంది. వ్యక్తికి ఇచ్చిన గౌరవాన్ని ఆ నివేదిక తాకదు, నిధి కొనసాగింపును మాత్రం అదే నిర్ణయిస్తుంది.

పురస్కార సభలో ఆ సలహాదారు తనతో పనిచేసిన విశ్వవిద్యాలయ ఉద్యోగిని కూడా వేదిక మీదికి పిలిపించుకున్నారు, ఫలకం మీద రెండు పేర్లూ ఉండాలని ముందే అడిగి చెక్కించుకున్నారు. రెండో విడతకు నామినేషన్లు తెరిచాము. ఉమ్మడి నామినేషన్లకు వీలుగా పత్రాన్ని సవరించాము. ఈలోగా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ విభాగం తన భౌతికశాస్త్ర ల్యాబ్ నిబంధనను మార్చింది. బదిలీ పట్టికలో ఆ వరుసలను తిరగరాసి, ఇప్పటికే చేరిన విద్యార్థులందరికీ కొత్త పట్టిక పంపడానికి పురస్కార నిధిలో మొదటి ఖర్చు పెట్టాము.